నాచారం వెండి, ఉప్పల్ కంచు

ఖమ్మంలో రాత్రి ప్యాసింజరు ఎక్కేటప్పటికి నా సంచిలో ఒక జత బట్టలు, పులిహోర పొట్లం, గడియారాలు విప్పేటప్పుడు కంటికి తగిలించుకునే భూతద్దం ఉన్నాయి. గడియారాల రిపేరు నా బతుకుతెరువు, యుద్ధ పతకాలు పోగుచేయడం నా పిచ్చి. మా ఆవిడ దీన్ని పిచ్చి అని కూడా అనదు, తద్దినం అంటుంది. నాచారంలో పోతపని షెడ్డు నడిపే మల్లేశం, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మనవాళ్లకు దొరలిచ్చిన వెండి పతకాలు పెట్టెడు దొరికాయని కబురు పెట్టాడు. పెట్టెడు అన్నప్పుడే నాకు అనుమానం రావాలి. ఆశ ముందు అనుమానం నిలుస్తుందా!

నాచారం వెళ్లేవాళ్లు సికింద్రాబాదు దాకా టికెట్టు తీసుకోకండి. ప్యాసింజరు మౌలాలిలో ఆగుతుంది, అక్కడ దిగి రిక్షా ఎక్కితే సరిపోతుంది. ఈ సలహా డోర్నకల్లో ఎక్కిన ఒక రైల్వే గ్యాంగ్‌మన్‌ది. నా పులిహోరలో సగం తిని మరీ చెప్పాడు. "సికింద్రబాద్ దాక పోయి మళ్ల ఎనుకకు వస్తవా? పైసలు ఎక్కువైనయా అన్నా?" అన్నాడు. పతకాల కోసం వెళ్తున్నానంటే, "బంగారపువా?" అని ఆశగా అడిగాడు. కాదనగానే తువ్వాలు ముఖాన కప్పుకొని పడుకున్నాడు.

పొద్దున తొమ్మిది దాటాక మౌలాలిలో దిగాను. దారంతా బండరాళ్లు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న రేకుల షెడ్లు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మల్లేశం చాయ్ తెప్పించి, నా ముందు పెట్టె తెరిచాడు. తళతళలాడుతూ ఇరవై దాకా ఉన్నాయి.

నకిలీ పతకాన్ని పట్టుకోవడంలో ఖమ్మం జిల్లాలో నన్ను మించినవాడు లేడు. ఆ జిల్లాలో ఈ పని చేసేవాడు ఇంకొకడు లేడనుకోండి, అది వేరే మాట. అసలు పతకాన్ని అచ్చుతో గట్టిగా ఒత్తుతారు కాబట్టి రాజు మీసం వెంట్రుకతో సహా తెలుస్తుంది. పోత పోసినదైతే ఇడ్లీ ముఖంలా సన్నని గుంటలు పడతాయి, గీతలు మెత్తబడతాయి. అన్నిటికంటే ముఖ్యం అంచు. అందుకున్న సిపాయి పేరును అక్కడ అక్షరం అక్షరం కొట్టి ఉంటారు. మల్లేశం పతకాల అంచులు నున్నగా ఉన్నాయి. రిబ్బన్లు పాతవిగా కనబడాలని టీ నీళ్లలో ముంచారు, వాసన కూడా పోలేదు.

"ఒక్కటన్న అసలుది లేదా అన్నా?" అన్నాడు మల్లేశం.

"పెట్టె మాత్రం అసలుదే" అన్నాను.

పాపం, ఎవడో పాతసామాన్ల వాడు వాటిని అతనికి అంటగట్టాడు. నన్ను అంత దూరం రప్పించినందుకు సిగ్గుపడి, జొన్నరొట్టె, మాంసం కూరతో కడుపు నింపాడు. కూర అద్భుతం. తింటూ తింటూ, "ఉప్పల్ల ఏసోబు తాత దగ్గర ఒకటుంది గని, అది రాగిది. నకిలీదని అందరు నవ్వుతరు" అన్నాడు.

నా చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఆగిపోయింది. తుపాకీ పట్టినవాళ్లకు వెండి పతకం ఇచ్చారు. వాళ్ల వెంట వెళ్లిన వంటవాళ్లకు, కంచరగాడిదలు తోలినవాళ్లకు, గుర్రాలను చూసే సైసులకు అదే బొమ్మతో కంచుది ఇచ్చారు. కొద్దిమందికే ఇచ్చారు కాబట్టి దొరకడం కష్టం. పదిహేనేళ్లుగా వెతుకుతున్నా నా కంటపడలేదు.

చేతులు కడుక్కోగానే మల్లేశం నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని ఉప్పల్లో చర్చి వెనక ఉన్న పెంకుటింటి ముందు దింపాడు. కొలిమి ఆరిపోతుందని వెంటనే వెళ్లిపోయాడు. అరుగు మీద ఏసోబు భార్య రాహేలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై దాటిన ఏసోబు నులక మంచం మీద ఉన్నాడు. సంగతి చెప్పగానే ఆయన ముఖం ముడుచుకుంది.

"నువ్వు గూడ నవ్వనీకె వచ్చినవా బిడ్డా?"

రాహేలమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి పతకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒకప్పుడు ఏసోబు ప్రతి క్రిస్మస్‌కూ దాన్ని చొక్కాకు పెట్టుకొని చర్చికి వెళ్లేవాడట. నాగారంలో ఒక పెళ్లిలో, గుర్రపు దళం రిసాలాలో సవారుగా, అంటే రౌతుగా పనిచేసిన బావ తన వెండి పతకం పక్కన పెట్టి, ఇది చార్మినార్ దగ్గర కొన్న బిళ్ళ అన్నాడట. పందిరంతా నవ్విందట.

"గప్పటిసంది పెట్టుకుంటలేడు. నాకు గూడ అనుమానమే వచ్చె. అసలు ఈయన దేశం దాటి పోయిండా అని" అంది రాహేలమ్మ.

"ఇన్నవా? పెండ్లాం మాట!" అన్నాడాయన. "నకిలీదైతే ఊకనే తీస్కపో బిడ్డా. ఇంట్ల ఉంటె కడుపు మండుతది."

అద్దం కంటికి పెట్టుకున్నాను. రాజు మీసం వెంట్రుకలు ఉన్నాయి. వెనక వైపు గుర్రం జూలు పాయలు పాయలుగా ఉంది. అంచు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో సైస్ అని, పక్కనే ఏసోబు అని కొట్టి ఉంది. నిజం చెప్తున్నాను, నకిలీది అని ఒక్క మాట అంటే చాలు, పదిహేనేళ్ల వెతుకులాట నా జేబులో పడేది. అనాలనిపించింది కూడా. అద్దం తీయకుండా, వాళ్లకేసి చూడకుండా కూర్చున్నాను.

"గా గుర్రాన్ని జూడు" అన్నాడు ఏసోబు. "జీను లేదు, ఎక్కినోడి ఒంటి మీద నూలుపోగు లేదు. గట్ల ఎక్కుతరా గుర్రం? గీసినోడికి గుర్రమంటె ఏందో తెల్వది. గా ఈజిప్టు ఇసుకల నా గుర్రానికి మొదలు తాపి నేను తాగేటోన్ని, నీళ్లు."

ఆ మాట విన్నాక నా నోరు అబద్ధానికి తిరగలేదు.

"తాతా, ఇది అసలుది. మీ బావది సవారు పతకం, ఇది సైసు పతకం. వెండికి కంచు తమ్ముడే గాని దొంగ కాదు. మీ పేరు కూడా ఉంది ఇక్కడ" అని ఆయన గోటిని అక్షరాల మీద ఆనించి చదివాను.

"ఏదీ, మళ్ల సదువు."

మళ్లీ చదివాను. ఆయన కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. రాహేలమ్మ చింతపండు చేతులతోనే నోరు మూసుకుంది. "అయ్యో, నా దేవుడా! ఇన్నేండ్లు నేను గూడ నమ్మకపోతి" అని గోడకు ఆనుకుంది.

పోగుచేసేవాడి బుద్ధి ఊరుకోదు కదా. మెల్లగా, "అమ్ముతారా తాతా? ధర మీరే చెప్పండి" అన్నాను.

"నకిలీదంటె ఊకనే ఇస్తుంటి. అసలుదని నువ్వే అంటివి" అని పకపకా నవ్వాడు. "అసలుదాన్ని ఎవడన్న అమ్ముతడా? పిచ్చోడా!"

నాలుగింటి బస్సుకు నన్ను సాగనంపడానికి చొక్కాకు పతకం పెట్టుకొని తనే వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డ ప్రతివాడికీ నా చేత అంచు చదివించాడు. చివరికి కండక్టరుకు కూడా. "టైమైతుంది తాతా" అని కండక్టరు మొత్తుకున్నా, "ఇని పో, పుణ్యమొస్తది" అన్నాడు. బస్సు కదిలాక కూడా ఆయన కొత్తగా వచ్చినవాళ్లకు పతకం చూపిస్తూనే ఉన్నాడు.

సికింద్రాబాదులో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒట్టి చేతులతో పోతున్నా నా మనసు నిండుగా ఉంది. మా ఆవిడ ఏం తెచ్చావని అడిగితే ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. నా తర్వాత ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నాచారంలో వెండి చూపిస్తే అంచు తడిమి లేచి రండి. ఉప్పల్లో చర్చి వెనక ఒక ముసలాయన కంచు పతకం చూపిస్తే ధర అడక్కండి. అంచు మీది పేరు చదివి వినిపించండి. ఆయనకు అది ఎప్పుడో కంఠతా వచ్చేసి ఉంటుంది, అయినా చదవండి. కాస్త గట్టిగా చదవండి, లోపల ఉన్న ఆమెకు కూడా వినపడాలి.