లెక్కలోకి రాని తల

కండక్టరు గురించి వాళ్ల వీధిలో ఎవరిని అడిగినా ముందు ఒక నవ్వు నవ్వి, తర్వాతే చెబుతారు. పందొమ్మిదేళ్లుగా బస్సులో నిలబడి నిలబడి ఆయన ఇంట్లో కూడా కుదురుగా కూర్చోవడం మరిచిపోయాడు. సినిమాకి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి లోపలున్న తలలు లెక్కపెట్టనిదే అడుగు ముందుకు పడదు. బయటికి బయలుదేరితే అందరూ చెప్పులు వేసుకున్నాక "రైట్ రైట్" అనాల్సిందే. "ఈయన రైట్ అనందే మా ఇంట్లో పాలు కూడా పొంగవు" అని భార్య పక్కింటివాళ్లతో చెప్పి నవ్వేది.

సెలవు అడగడమంటే మాత్రం ఆయనకి ప్రాణసంకటం. డిపోలో పై అధికారి ఎదురుగా నిలబడగానే అడగాల్సిన మాట వదిలేసి డ్యూటీ చీటీ తీసుకుని వచ్చేసేవాడు. కానీ ఆ వేసవిలో పై అంతస్తులో ఉన్న వాళ్ల రెండు గదుల ఇల్లు పొయ్యిమీద పెనంలా కాలుతుండేది. పిల్లకి ఒళ్లంతా చెమటకాయలు. రాత్రంతా గోక్కుంటూ, ఏడుస్తూ, తల్లి ఒంటిమీంచి దిగేది కాదు.

"ఈసారైనా మమ్మల్ని చల్లగా ఉండే ఏ కొండమీదికైనా తీసుకెళ్తారా, లేక నేనూ పిల్లా వచ్చి మీ బస్సులోనే కాపురం పెట్టాలా?" అంది భార్య.

అన్నంత పనీ చేసే మనిషి. ఆయన మర్నాడే వెళ్లి మూడు రోజులు సెలవు రాయించుకొచ్చాడు.

పెళ్లయిన పదకొండేళ్లకి పుట్టిన పిల్ల. గుండ్రంగా, పొట్టిగా ఉంటుందని అందరూ బుడంకాయ్ అని పిలుస్తారు. వచ్చే నెలకి ఐదేళ్లు నిండుతాయి. బావమరిది స్కూలు వ్యాను నడుపుతాడు, వేసవి సెలవుల్లో దానికి పనిలేదు. కాబట్టి అందులోనే బయలుదేరారు. స్టీరింగు ముందు బావమరిది, పక్క సీట్లో భార్య. మధ్య సీట్లో అత్తగారు, మామగారు, తలుపు పక్కన కండక్టరు. వెనక సీట్లో సంచులు, దిళ్లు, వాటి మధ్య శాలువా కప్పుకుని బుడంకాయ్. మామగారికి వినపడేది అంతంతమాత్రం. ఆయనకి ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే గనక ఎవరూ చెప్పే శ్రమ పెట్టుకోలేదు.

మలుపులు మొదలవగానే భార్యకి కడుపులో తిప్పడం మొదలైంది. సగం కొండ ఎక్కేసరికి ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. దారిలో టీ దుకాణం కనబడగానే ఆపించారు. దుకాణం పక్కన కొండ దిగే బస్సొకటి ఆగి ఉంది. పిల్ల గాఢనిద్రలో ఉంది. లేపితే మళ్లీ గోల అని వ్యాను తలుపు తీసే ఉంచి, నాలుగడుగుల దూరంలో లోయవైపు తిరిగి నిలబడి టీ తాగారు. చల్లగాలి ముఖానికి తగిలేసరికి కండక్టరుకి పందొమ్మిదేళ్ల దుమ్ము ఒక్కసారిగా దులిపినంత హాయిగా అనిపించింది.

"ఎక్కండి, ఎక్కండి" అన్నాడు, అలవాటు పడ్డ ప్రాణం కదా. అందరూ ఎక్కాక తలుపు దగ్గర నిలబడి వేలు ఆడిస్తూ తలలు లెక్కపెట్టాడు. బస్సులో డ్రైవరూ కండక్టరూ లెక్కలోకి రారు. ఐదేళ్లు నిండని పిల్లలకి టిక్కెట్టు లేదు, వాళ్లూ లెక్కలోకి రారు. మిగిలింది ముగ్గురు. భార్య, అత్తగారు, మామగారు. ముగ్గురూ ఉన్నారు. వెనక సీట్లో శాలువా గుట్టగా కనబడుతూనే ఉంది.

"రైట్ రైట్!"

కండక్టరంతటివాడు లెక్కచూసి రైట్ అన్నాక ఇంక అనుమానమెవరికి? వ్యాను కదిలింది.

పావుగంట గడిచాక అత్తగారు బిస్కెట్ల పొట్లం విప్పి వెనక్కి తిరిగింది. "ఏయ్ బుడంకాయ్, లేవవే. ఎంతసేపే నిద్ర!" అంటూ శాలువా లాగింది. శాలువా మొత్తం ఆమె చేతిలోకి వచ్చేసింది. కింద రెండు దిళ్లున్నాయి.

అత్తగారి అరుపుకి ఆ మామగారు కూడా ఉలిక్కిపడ్డాడు.

కండక్టరు సీట్లోంచి లేచాడు. సీట్ల కింద చూశాడు, సంచుల వెనక చూశాడు, పిల్ల పట్టని సంచిలో కూడా చూశాడు. భార్య కిటికీలోంచి తల బయటపెట్టి వెనకదారి చూసింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఒక్క బండి పట్టే రోడ్డు.

"తిప్పరా! బండి తిప్పు!" అన్నాడు కండక్టరు.

"ఇక్కడ తిప్పితే లోయలోకే బావా! పైన వెడల్పు చోటుంది, రెండు మలుపులే. ఓర్చుకో."

ఓర్చుకునే ఓపిక ఎవరికి! బావమరిది బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టకముందే ఆయన దూకి కిందికి పరుగెత్తాడు. బండి మీద పావుగంట వచ్చిన దారి కాళ్ల మీద ఎంతసేపవుతుందో లెక్కకట్టే స్థితిలో లేడు. ఆయన బుర్రలో ఉన్నది ఒక్కటే, దుకాణం పక్కన ఆగి ఉన్న ఆ బస్సు. టిక్కెట్టు లేని పిల్ల అందులో ఎక్కి ఉంటే ఎవరు చూస్తారు? ఎవరు అడుగుతారు? తాను ఏనాడైనా అడిగాడా? ఏ అమ్మ ఒళ్లో ఎవరి పిల్ల ఉందో పందొమ్మిదేళ్లలో ఒక్కసారైనా చూశాడా? "దేవుడా, ఆ బస్సు కదలకుండా చూడు" అని పైకే అంటూ పరుగెత్తాడు. ఒక చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదు.

మూడో మలుపులో వ్యాను వెనకనుంచి వచ్చి ఆయన్ని ఎక్కించుకుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

బస్సు అక్కడే ఉంది. ఇంజను ఆపేసి ఉంది. ప్రయాణికులు సగంమంది రోడ్డు మీద నిలబడి విసుక్కుంటున్నారు. "ఇంకెంతసేపమ్మా, మాకూ ఇళ్లున్నాయి!" అని ఒకాయన అరుస్తున్నాడు. వెనక మెట్టు మీద ఆ బస్సు కండక్టరమ్మ రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"ఈ పాప ఎవరో తేలేదాకా బండి కదలదు. తొందరుంటే నడిచి దిగండి" అంటోంది.

ఆమె చేతి కింది నుంచి కండక్టరు లోపలికి తొంగిచూశాడు. వెనక తలుపు పక్కనుండే కండక్టరు సీట్లో బుడంకాయ్ కూర్చుని ఉంది. కాళ్లు ఊపుతూ ఎవరో ఇచ్చిన బ్రెడ్డు ముక్క తింటోంది. ఏడ్చిన జాడ కూడా లేదు.

"నాన్నా, ఎక్కడికెళ్లావ్?" అంది నోటినిండా బ్రెడ్డుతో.

పోయిన ప్రాణం లేచొచ్చిందంటారు చూశారా, అదేమిటో ఆయనకి ఆ నిమిషంలో తెలిసింది. పిల్లని గుండెకి హత్తుకుని బస్సు నేలమీదే చతికిలబడిపోయాడు. భార్య వెనకనుంచి వచ్చి ఇద్దరినీ కలిపి పట్టుకుంది. రోడ్డు మీద అరుస్తున్న పెద్దమనిషి కూడా గొంతు తగ్గించి కళ్లు తుడుచుకున్నాడు.

"కదిలేముందు తలలు లెక్కపెడితే ఒకటి ఎక్కువొచ్చింది" అని చెప్పింది కండక్టరమ్మ. "చూస్తే నా సీట్లో ఈ రాణిగారు. ఎవరమ్మా నువ్వంటే, మా నాన్న సీటు ఇది అంటుంది. దిగమంటే దిగదు. మా నాన్న రైట్ అనకుండా బస్సు కదలదు, నువ్వెవరు, అని నన్నే దబాయించింది."

ఆయన తల ఇంకా కిందికి వాలిపోయింది.

"మీరు టిక్కెట్టు లేని పిల్లల్ని కూడా లెక్కపెడతారా?" అని అడిగాడు మెల్లగా.

"కొండ దారండీ ఇది. టిక్కెట్టు ఉందో లేదో లోయకేం తెలుసు? ఒళ్లో పిల్లలతో సహా అందరినీ లెక్కపెట్టాలి." ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే మీరూ కండక్టరే అన్నమాట. ఎన్నేళ్ల సర్వీసు?"

"పందొమ్మిది."

ఆమె మెట్టు మీంచి పక్కకి జరిగి దారిచ్చింది. "సర్లెండి, పిల్ల దొరికింది, అది చాలు. ఇక మీరు దిగితే నా బండి వెళ్తుంది."

పైకి చేరేదాకా అత్తగారు అల్లుడనే మొహమాటం కూడా లేకుండా కడిగి పారేసింది. "లెక్కట, లెక్క! పిల్లని వదిలేసి లెక్క సరిపోయిందట!" ప్రతి మాటా ఆయనకి చల్లగానే తగిలింది. పిల్ల ఒళ్లో ఉంటే ఎవరు తిడితే ఏం? బావమరిది మాత్రం "బావని ఇంకెప్పుడూ రైట్ అననివ్వకండి" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. భార్యే ఏమీ అనలేదు. సాయంత్రం ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కూడా ఏమీ అనలేదు. ఆ మౌనమే ఆయన్ని తినేసింది.

కొండమీద వాళ్లు దిగిన అద్దె గది ముందు చెక్క మెట్లున్నాయి. ఎండ వెచ్చగా పడుతోంది. పిల్ల చెట్ల కింద రాలిన ఎండుకాయలు ఏరుకుంటోంది, ఒంటిమీద చెమటకాయలు అప్పుడే సగం మాడిపోయాయి. ఆయన వెళ్లి మెట్లమీద భార్య పక్కన కూర్చున్నాడు.

"తిట్టేయవే బాబూ. ఎంతసేపు దాచుకుంటావ్?"

"తిట్టడానికి నాకు నోరేదండీ?" అంది ఆమె.  "టీ తాగి ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూద్దామనుకున్నా. చూస్తే లేస్తుంది, లేస్తే నా ఒళ్లోకే వస్తుంది. నెల్లాళ్లనుంచి నా ఒళ్లు నాది కాదు. ఓ పది నిమిషాలు ఒంటరిగా కళ్లు మూసుకుందామని చూడలేదు. పదకొండేళ్లు ఎదురుచూసి కన్న పిల్లని పది నిమిషాలు వద్దనుకున్నానండీ."

ఆమె కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. రాత్రంతా ఈ మనిషి తనమీద కోపంతో అటు తిరిగి పడుకుందనుకున్నాడు. ఆమె కూడా తనలాగే కుమిలిపోతోందని ఆయనకి తట్టనే లేదు.

"నువ్వు వద్దనుకున్నావ్. నేను అసలు దాని గురించి అనుకోనే లేదు. ఏది పెద్ద తప్పో నువ్వే చెప్పు" అన్నాడు.

"ఇప్పుడు దీనికి కూడా పోటీ పెడతారా?" అంది ఆమె, ఏడుస్తూనే నవ్వు ఆపుకోలేక. ఆ నవ్వు వినేసరికి ఆయన గుండెలమీది బండరాయి దొర్లిపోయింది. తనూ నవ్వాడు, తనకీ కళ్లు తడిశాయి, అందుకేం సిగ్గనిపించలేదు.

నవ్వులు విని బుడంకాయ్ కాయలన్నీ అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది. సగం అమ్మ ఒళ్లో, సగం నాన్న ఒళ్లో అడ్డంగా వాలిపోయి, చెట్టుమీద ఉన్న పిట్ట గురించి ఏదో చెబుతూ చెబుతూనే నిద్రపోయింది. అరగంటకి ఇద్దరి కాళ్లూ తిమ్మిరెక్కాయి. లేపుదామని ఎవరూ అనలేదు.