కొంగు మీద చుక్క

చీర చూపించడం ఒక పని అని చాలామందికి తెలియదు. అరలోంచి తీయడం, ముందు పెట్టడం, ధర చెప్పడం, అంతేగా అనుకుంటారు. పాలకొల్లు బజారులో మా నాన్నగారు పెట్టిన బట్టల కొట్టులో మీసాలు సరిగా రాకముందే నేను పరుపు మీద కూర్చున్నాను. అప్పటినుంచి నా పని అదొక్కటే. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ ముందు చీర మడత పట్టుకుని మణికట్టు ఒక్కసారి విదిలిస్తే, కొంగు విచ్చుకుంటూ వెళ్ళి వాళ్ళ చేతికి అందేంత దూరంలో పడాలి. ఇవతల పడితే వాళ్ళు వంగాలి. అవతల పడితే మీద పారేసినట్టు ఉంటుంది, మర్యాద కాదు. సరైన చోట పడిందంటే వాళ్ళు అడగకుండానే చెయ్యి చాపి ముట్టుకుంటారు. ముట్టుకున్నారంటే సగం బేరం అయినట్టే. ఈ విషయంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు. ఎవరైనా కాదంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పోయిన ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే చేతిలో బ్రష్షు జారిపోయింది. వంగి తీసుకుందామంటే వేళ్ళు ముడుచుకోలేదు. భీమవరం ఆసుపత్రిలో పక్షవాతమన్నారు, చిన్నదేనన్నారు. మాట పోలేదు, నడక పోలేదు. కుడిచెయ్యి మాత్రం సగమే తిరిగొచ్చింది, అదీ వణుకుతో. డాక్టరుగారు నన్ను అదృష్టవంతుణ్ణి అన్నారు. ఆ అదృష్టం ఎంతపాటిదో కొట్టుకి వెళ్ళాక తెలిసింది. చీర మడత పట్టుకుని విదిలిస్తే కొంగు నా మోకాలి మీదే కుప్పగా పడింది. ఎదురుగా ఉన్నావిడ చీర వైపు చూడలేదు, నా చేతివైపు చూసింది. పైగా "పర్లేదులెండి" అంది. ఆ రోజు పరుపు దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కలేదు.

మా అబ్బాయి గల్లాపెట్టె పక్కన మెత్తటి కుర్చీ వేయించాడు. "మీరు ఊరికే కూర్చోండి నాన్నగారూ, మీరు కనిపిస్తే చాలు" అన్నాడు. వాడి మంచితనానికి వంక పెట్టలేను గానీ, గోడమీద మా నాన్నగారి ఫొటో కూడా చేస్తున్న పని అదే. ఇద్దరికీ తేడా దండ ఒక్కటే. నాకు కూర్చోవడం కాదు కావలసింది. చీర చూపించడం కావాలి. అది లేకపోతే ఆ కొట్టులో నేనెందుకున్నానో నాకే అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే మా కోడలు వీడియోలో చీరలు చూపించడం పెంచింది. వైజాగ్‌లో ఒకరు, పుణేలో ఒకరు, ఇక్కడివాళ్ళే దూరాన ఉండి అక్కణ్ణుంచే కొంటారు. వీడియోలో రంగు ఒకలా, చేతికొచ్చాక ఒకలా ఉంటోందని గొడవలు రావడంతో, ఎండలో ఒక్కొక్క చీరకీ మంచి ఫొటోలు తీసి, ట్యాబ్‌లో పెట్టి, ఫోన్లో మాట్లాడుతూ ఆ తెరనే అవతలివాళ్ళకి చూపించే ఏర్పాటు చేసింది. తెలివైన పిల్ల. కానీ చీర చూపించే తీరు మాత్రం నాకు కంటగింపుగా ఉండేది. అంచు చూపించకుండా కొంగుకి పోతుంది, కొంగు చూస్తుండగానే ఇంకో చీరకి పోతుంది. చీరకి ఊపిరి తీసుకునే టైము ఇవ్వదు. కుర్చీలో కూర్చుని గొణుక్కుంటుంటే ఒకరోజు ట్యాబ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"గొణక్కండి మావయ్యగారూ. మీరే చూపించండి."

తెరని వేలితో ముట్టుకోవాలి. ముట్టుకోవాలంటే చెయ్యి గాల్లో ఉండాలి. గాల్లో ఉంటే వణుకుతుంది. నేనొక చీర మీద వేలు పెట్టబోతే పక్క చీర తెరుచుకునేది. ఒకసారి మధ్యాహ్నం భోజనవేళ నర్సాపురం ఆవిడెవరికో ఫోనే వెళ్ళిపోయింది. ఇంకోసారి వేలు కాస్త ఎక్కువసేపు ఆనించేసరికి తెరమీదున్న బొమ్మలన్నీ గజగజా వణకడం మొదలుపెట్టాయి. "నన్ను చూసి దానికీ వచ్చిందే" అన్నాను. మా ఆవిడ నవ్వింది గానీ కోడలు నవ్వలేదు. ఆలోచిస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ట్యాబ్‌కి కొత్త అట్ట వచ్చింది. తెరిస్తే కింద అక్షరాల మీటలు, వాటి కింద నున్నటి చిన్న పలక. దాన్ని ట్రాక్‌ప్యాడ్ అంటారని చెప్పింది. తెరని ముట్టుకోనక్కర్లేదు. మణికట్టు బల్లకి ఆనించి పలక మీద వేలు జరిపితే, తెరమీద బూడిదరంగు చుక్క ఒకటి జరుగుతుంది. కంప్యూటర్లో బాణం గుర్తులాగా సూదిగా ఉండదు, గుండ్రంగా, కుంకుమ పెట్టడానికి తడిపిన వేలి ముద్రంత ఉంటుంది. తెరమీద ఏదైనా మీట దగ్గరికెళ్తే ఆ మీటకే అతుక్కుని దాని ఆకారంలోకి మారిపోతుంది. నొక్కితేనే పని జరుగుతుంది, తగిలినంత మాత్రాన జరగదు. ఆ చివరి మాట విని నా ప్రాణం కుదుటపడింది.

అయితే నా చెయ్యి బట్టల కొట్టులో పెరిగిన చెయ్యి. నున్నగా, చదునుగా ఏది కనిపించినా అరచేత్తో ఒకసారి నిమరనిదే ఊరుకోదు. చీర మడత సరిచెయ్యడానికి అలా నిమురుతాం. పలక మీద అరచెయ్యి పెట్టి నిమిరేసరికి చీరలన్నీ వరదొచ్చినట్టు పైకి పారిపోయాయి. ఉప్పాడ చీరల దగ్గర ఉన్నవాణ్ణి లుంగీల దగ్గర తేలాను.

"అరచెయ్యి పెట్టకండి, ఒక్క వేలు చాలు" అంది కోడలు.

ఒక్క వేలు పెట్టాను. చుక్కని మెల్లగా జరిపి ఉప్పాడ చీరని తెరిచాను. గోరింటాకు ఆకుపచ్చ ఒళ్ళు, ముదురు గులాబీ అంచు. బట్ట అంత బాగా కనిపిస్తే మా జాతి చేసే పని ఇంకొకటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తాం. పోగు బరువు, పట్టు మెత్తదనం అక్కడే తెలుస్తాయి. పెళ్ళికెళ్ళి పక్కన కూర్చున్నవాళ్ళ కండువా కూడా అలా నలిపి మా ఆవిడ చేత చీవాట్లు తిన్నవాణ్ణి. ఆ రోజూ నాకు తెలియకుండానే పలక మీద రెండు వేళ్ళూ పెట్టి నలిపాను. చీర దగ్గరికొచ్చింది, దూరం పోయింది, మళ్ళీ దగ్గరికొచ్చింది. వేళ్ళు విడదీసినప్పుడు చీర ఇంకా, ఇంకా దగ్గరికొచ్చి, అంచులో జరీ పోగు ఎక్కడ లోపలికెళ్ళి ఎక్కడ పైకొచ్చిందో కనిపించింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. నా జన్మలో ఏ బేరానికీ అంత దగ్గరగా పోగు చూపించలేదు.

"అది జూమ్ అండీ" అంది కోడలు.

"జూమ్ కాదమ్మా, బట్ట నలపడం" అన్నాను.

ఆషాఢమంతా అదే పని. కొట్టులో బేరాలు పల్చగా ఉంటాయి కాబట్టి నన్నడిగేవాడు లేడు. ముందు చీర మొత్తం, తర్వాత అంచు మీద చుక్కని ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించడం, తర్వాత బుటా పువ్వు దగ్గర ఆగడం, ఆఖర్న కొంగు. కొంగు దగ్గర తొందరపడకూడదు. పరుపు మీద నేను పాటించిన వరసే ఇది. వారాలు గడిచేకొద్దీ చుక్క వణకడం తగ్గింది. గీత గీసినట్టు నడిచేది. నా ఆనందం ఇంతా అంతా కాదు. చెయ్యి బాగైపోయిందని మా ఆవిడతో చెప్పాను, వీధిలో మందుల కొట్టాయనతో చెప్పాను, అడగనివాళ్ళతో కూడా చెప్పాను.

మా ఆవిడ నిజమేననుకుని ఒక సాయంత్రం కాఫీ గ్లాసు నా కుడిచేతికే ఇచ్చింది. సగం కాఫీ పంచె మీద, మిగతా సగం నేలమీద. ట్యాబ్ తెరిచి చుక్కని నడిపించాను. అది బుద్ధిమంతుడిలా తిన్నగా నడిచింది. కోడలి వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుంది.

"సెట్టింగ్స్‌లో దాని స్పీడు తగ్గించానండి. మీ వేలు ఎంత కదిలినా అది కొంచెమే కదులుతుంది. వణుకు పైకి కనబడదు."

"నా మీద జాలిపడ్డావా?"

నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. నేను అట్ట మూసేసి కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజూ మర్నాడూ ట్యాబ్ ముట్టుకోలేదు, భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. నా చెయ్యి బాగుపడలేదన్నది ఒక బాధ. బాగుపడిందని ఊరంతా చాటుకున్నది ఇంకో బాధ. ఏది పెద్దదో చెప్పమంటే చెప్పలేను.

మూడోనాడు కోడలు చీరలు మడతపెడుతూ, నావైపు చూడకుండానే అంది.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు చీర మడత నేర్పారు గుర్తుందాండీ? పట్టుచీర అడిగితే ఇవ్వలేదు మీరు. పట్టు జారిపోద్ది, ముందు నూలు మీద నేర్చుకో అన్నారు. ఎన్నాళ్ళో నూలు చీరలే మడత పెట్టించారు. అది జాలేంటి మావయ్యగారూ?"

తప్పు నాదని ఒప్పుకునే అలవాటు లేదు కాబట్టి, "ఆ ట్యాబ్ ఇలా తే, దుమ్ము పడుతోంది" అన్నాను.

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాక వైజాగ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పాలకొల్లు ఆడపడుచు. ఆవిడ పెళ్ళిచీర ఈ కొట్టులో నా చేత్తో విప్పిందే. ఇప్పుడు కూతురి పెళ్ళి. కోడలు మాటలు మొదలుపెట్టగానే, "బాబాయ్‌గారు లేరా అమ్మా? ఆయన చూపిస్తే చూడాలనుంది" అంది. నాకు ఒళ్ళు బాగోలేదని ఎవరో చెప్పారట, ఏమైందో మాత్రం ఆవిడకి తెలియదు. కోడలు నావైపు చూసింది. నేను బల్ల దగ్గరికి జరిగాను. నా మొహం వాళ్ళకి కనబడదు, చెయ్యీ కనబడదు. తెరమీద చీరలు, వాటి మీద ఆ చుక్క, నా గొంతు. అంతే.

"చూడమ్మా, ఇది అంచు" అని చుక్కని నడిపించాను. మొదటి చీర నచ్చలేదు. రెండోది అమ్మాయికి నచ్చింది, తల్లికి నచ్చలేదు. మూడోది ఆ గోరింటాకు ఆకుపచ్చది. తెరవగానే అవతల ఇద్దరూ మాట్లాడటం మానేశారు. పరుపు మీద ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. అది వచ్చాక మాట్లాడకూడదు, చెయ్యి మాట్లాడాలి. అంచు మీదుగా నడిచాను. బుటా దగ్గర ఆగి రెండు వేళ్ళూ విడదీసి పోగు చూపించాను. "అమ్మా, దారం కూడా కనిపిస్తోందే" అంది ఆ అమ్మాయి.

ఇక కొంగుకి వచ్చాను. అక్కడ నా చెయ్యి అదుపు తప్పింది. అలిసిపోయిందో, బెదిరిందో, స్పీడు ఎంత తగ్గించినా దాచలేనంతగా వణికింది. చుక్క కొంగు మీద గిలగిలా కొట్టుకుంది. అవతల వాళ్ళకి కనిపిస్తోందని తెలుసు. మోకాలి మీద కుప్పగా పడిన కొంగు, "పర్లేదులెండి" అన్న గొంతు, అన్నీ ఒక్కసారి మీదకొచ్చాయి. పలక మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. వేలు తీశాక ఆ చుక్క ఎంతోసేపు ఉండదు. చీర అలాగే ఉంది, దాని మీద చుక్క మాయమైంది. కోడలు తన వేలు పలక దగ్గరికి తెచ్చి, ఎందుకో ఆగిపోయింది.

ఫోన్లో ఆ తల్లి గొంతు, కొంచెం కంగారుగా, పరుపు మీద నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే వచ్చింది.

"అయ్యో, చెయ్యి తీసేశారేంటి బాబాయ్‌గారూ? కొంగు మేమింకా చూళ్ళేదు."

నేను చెయ్యి పెట్టాను.