నాలుగు గళ్ల తమ్ముడు

“ఒక్క నిమిషం అక్కా, నాలుగే నాలుగు గళ్లు! ఇది తండ్రి, ఇది తల్లి…”

“ఒరేయ్, అది పెళ్లికొడుకు కోటు గుడ్డరా! సాయంత్రానికి ఇవ్వాలి!”

“సుద్దేగా, దులిపితే పోతుంది. గోధుమరంగు పాములకి తెల్లపిల్ల ఎలా పుట్టిందని నువ్వే కదా అడిగావు?”

“నేనడగలేదు. టీ తాగుతావా అని అడిగాను.”

తమ్ముడి తంతే అంత. నాలుగు గళ్లు గీయనిదే అతనికి నోరు పెగలదు. కరెంటు బిల్లు వెనక గీశాడు, ఆవిరి పట్టిన బస్సు అద్దం మీద గీశాడు, పన్ను పీకించుకోవడానికి నోరు తెరిచి పడుకున్నవాడు పెన్ను అడిగి మరీ డాక్టరు చేతి తొడుగు మీద గీశాడు. వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నాలుగు గళ్లాయనే.

పొట్టకూటికి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ప్రాణం మాత్రం పాముల మీద. విషం లేని చిన్నజాతి కొండచిలువలు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోయేవి, వెనకగదిలో సొరుగుల నిండా ఉంటాయి. కాలం చెల్లిన ఒక ఫ్రిజ్‌కి వేడి అమర్చి అందులో గుడ్లు పొదిగిస్తాడు. ముందుగదిలో అక్క కుట్టుదుకాణం. ఆ వెనకగదిలో రెండో మిషను వేసుకోవాలని ఆవిడ ఆరేళ్లుగా కలలు కంటోంది.

గళ్ల పాఠం అక్కకి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేంత వచ్చేసింది. నల్లచుక్క అంటే రంగు తయారుచేయడం వచ్చినది. సున్నా అంటే రానిది. ప్రతి పిల్లకీ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. ఒక్క చుక్క ఉన్నా ఒంటినిండా రంగే. రెండూ సున్నాలైతేనే తెలుపు. చుక్కా సున్నా చెరొకటీ ఉన్నది పైకి మామూలుగానే కనిపిస్తుంది, సున్నాని లోపల దాచుకుని తిరుగుతుంది. అలాంటివి రెండు జతకడితే నాలుగింట ఒకటి తెల్లగా పుట్టొచ్చు.

చారల సంగతి మాత్రం పొరపాటున కూడా అడగకూడదు. కొన్ని చారలు ఒకవైపు నుంచి వచ్చినా చాలట, కొన్నిటికి రెండువైపులా కావాలట. రంగూ చారా కలిపి చెప్పాలంటే పదహారు గళ్లు. పదహారు గళ్లకి కాగితం చాలదు, దుప్పటి కావాలి. అక్క దుప్పటి మీద ఆ ముచ్చటా తీరింది.

“నాలుగింట ఒకటన్నావు. కిందటేడు ఆరు గుడ్లూ గోధుమరంగేగా?” అని అక్క ఒకసారి నిలదీసింది.

“గుడ్లకి లెక్కలు రావక్కా. ప్రతి గుడ్డూ తన చీటీ తనే తీసుకుంటుంది. పక్కగుడ్డుకి ఏమొచ్చిందో దానికేం తెలుసు?”

“మరి నీ గళ్లెందుకురా, కాల్చనా?”

“ఎంత ఆశపడాలో చెప్పడానికి.”

దుకాణంలో గుండీలు కుట్టే అమ్మాయి చేరిన వారానికే, బల్ల మీద పరిచిన పరదా గుడ్డ మీద తమ్ముడు గళ్లు గీసి వెళ్లిపోయాడు. అమ్మాయి అవి అక్క పెట్టిన కొలతలనుకుని గీతల వెంబడే చక్కగా నాలుగు ముక్కలు చేసేసింది. పరదా అడిగినావిడకి నాలుగు దిండుగలీబులు అంటగట్టేసరికి అక్కకి తలప్రాణం తోకకొచ్చింది.

ఈసారి ఏడు గుడ్లలో ఒక తెల్లపిల్ల వచ్చింది. తెలుపు మీద లేత పసుపు మచ్చలు, ఎర్రటి కళ్లు. తెల్లది పుడితే దాన్ని అమ్మి, సొరుగులన్నీ మేడ మీదికి ఎత్తిస్తానని తమ్ముడు ఎప్పుడో మాటిచ్చాడు. కొనేవాడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ తమ్ముడు గళ్లు గీసి, గంటన్నర బుర్ర తిని, ఉత్తిచేతులతో పంపేశాడు. మూడోసారి ఆయన చెప్పులు కూడా మర్చిపోయి పారిపోయాడు.

“గది ఖాళీ చెయ్యడం నీకిష్టంలేదని ఒక్కమాట చెప్పి చావరాదూ!” అంది అక్క.

“ఇంకొన్నాళ్లు ఉండనీ అక్కా.”

అసలే ఆవిడ మనసు బాగాలేదు. గుండీల అమ్మాయికి నాలుగు నెలల కిందట పాప పుట్టింది. వెన్నముద్దలాంటి ఒళ్లు, వెండిపోగుల్లాంటి జుట్టు. అమ్మా నాన్నా ఇద్దరూ చామనచాయే. “ఇది మా ఇంటి పిల్ల కాదు” అని అత్తగారు తీర్పు చెప్పేసింది. మొగుడు నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు ఊరుకున్నాడు. అమ్మాయి పాపని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇప్పుడు తలెత్తకుండా గుండీలు కుడుతోంది.

ఒక మధ్యాహ్నం ఆ అత్తగారే దుకాణం మెట్లెక్కింది. అమ్మాయి సూది పక్కన పెట్టి, ఒళ్లోని పాపని దగ్గరికి తీసుకుంది.

“గొడవకి రాలేదు. మా ఫ్రిజ్ తలుపు రబ్బరు పాడైందని మీ తమ్ముడు పట్టుకొచ్చాడు, ఇక్కడికొచ్చి తీసుకోమన్నాడు,” అందావిడ గోడని చూస్తూ.

“ఒరేయ్, నువ్వు మాత్రం నోరు తెరవకు,” అని అక్క తమ్ముడి చెయ్యి గిల్లింది. అతను అప్పటికే లోపలికెళ్లి మూడు పాముల్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. అత్తగారు రబ్బరు మాట మరిచిపోయి కుర్చీ ఎక్కింది.

“కరవవండీ. ఇది తండ్రి, ఇది తల్లి. రెండూ గోధుమరంగే కదా? ఈ తెల్లది వీటి పిల్ల. ఈ తల్లి నా సొరుగు దాటి ఒక్క పూట బయటికి వెళ్లలేదు, తాళం నేనే వేశాను. మరి దీన్నేమంటారు?”

అత్తగారు కుర్చీ మీది నుంచే తెల్లపిల్లనీ, అమ్మాయి ఒళ్లోని పాపనీ మార్చి మార్చి చూసింది. తమ్ముడు సుద్ద తీశాడు. అక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనే గుడ్డ పరిచి ఇచ్చింది.

“నేను ఫ్రిజ్‌ల వాణ్ణి, డాక్టర్ని కాదు. పాపని మాత్రం కళ్ల డాక్టరుకి, చర్మం డాక్టరుకి తప్పకుండా చూపించండి. వాళ్లూ ఈ గళ్లే గీస్తారు. ఒక సున్నా మీ కోడలిది, ఒక సున్నా మీ అబ్బాయిది. ఒకరిది చాలదు.”

“మా వాడిలో సున్నానా? వాడికెక్కణ్ణుంచి వచ్చింది?”

“మీ నుంచి రావచ్చు, మీ వారి నుంచీ రావచ్చు.”

“ఆయన నుంచే!” అత్తగారు కుర్చీ దిగి, ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన సాక్ష్యం దొరికినట్టు బల్ల చరిచింది. “వాళ్ల వంశమంతా సున్నాలే! నేను చెబుతూనే ఉన్నా, ఎవరు విన్నారు?” అని అదే ఊపులో పాపని ఎత్తుకుంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, కోడలి వైపు చూడకుండానే, “నీ బట్టలు సర్దుకో. వాడికి నేను చెబుతాను. ముందు వాడే నీకు క్షమాపణ చెప్పాలి, ఆ తర్వాత నేను,” అంది.

“ముందు చెప్పనివ్వండి, అప్పుడు ఆలోచిస్తా,” అంది అమ్మాయి, నాలుగు నెలల్లో మొదటిసారి తలెత్తి. అయినా పాప బట్టల సంచీ మాత్రం భుజాన వేసుకుంది.

వాళ్లు బయటికి నడిచాక అక్క తమ్ముడి వైపు తిరిగింది. “వాళ్ల ఫ్రిజ్ రబ్బరు నిజంగా పాడైందా?”

“లేదు. నేనే ఊడదీసుకొచ్చా.”

“మరి ఆ తెల్లదాన్ని అందుకే అమ్మలేదా?”

“అమ్మేస్తే ఆవిడకేం చూపించనక్కా? ఒట్టి గళ్లు చూసి ఎవరు నమ్ముతారు?”

అక్క బల్ల మీది సుద్దగళ్లని దులపబోయి ఆగిపోయింది.

“అలా నిలబడతావేం? పాప కళ్లు వెలుతురుకి మూసుకుపోతున్నాయి, చూడలేదూ?” అన్నాడు తమ్ముడు. “మెత్తటి గుడ్డతో, లోపల లైనింగ్ వేసి, అంచు వెడల్పుగా ఒక టోపీ కుట్టి పట్టుకెళ్లక్కా. పరుగెత్తు, వాళ్ల బస్సు ఇరవై నిమిషాల్లో ఉంది.”