జాకీ మీద కొలిచిన సందు

తిరుపతి నడివీధిలో, బ్యాండు మేళం సాక్షిగా, నా పరువును నేనే ఎట్లా తగలబెట్టుకున్నానో చెబుతాను. తగలబెట్టడం మాటవరసకు కాదు, పొగ కూడా వచ్చింది.

మూడేళ్ళ కిందట మా తోడల్లుడు మునెప్ప కొడుకు పెళ్ళి. "నా కాంటెస్సా ఉండంగా పెండ్లికొడుక్కి బాడుగ కారెందుకప్పా?" అని ఎగిరిపడ్డాను. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్కును మరి! ఆ పాత కారు పులిలా కనబడాలని వెనక వెడల్పాటి టైర్లు వేశాను. కిందికి వంగి ఉంటే ఠీవి అని వెనక బరువు మోసే కమాన్ పట్టీల్లో ఒకటి పీకేశాను. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ళ సందు! నలభై దాటాక అక్షరాలు నేర్చిన మహాపండితుణ్ణి కదా, ఆ కొలతను షెడ్డు గోడమీద సుద్దతో రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

మా ఆవిడ రమణమ్మ చూసింది. "కారు జాకీ మీద ఉండాది గదా! కిందికి దించి, నలుగుర్ని కూసోబెట్టి సూడు."

"నీకేం తెలుసులే పో. ముప్పై ఏండ్ల చెయ్యి ఇది."

"ప్యాంటు నిలబడినప్పుడు బాగానే ఉంటాది. కూసున్నప్పుడు గదా చినిగేది!"

బుద్ధున్నవాడికి ఆ మాట చాలు. నాకు చాలలేదు. జాకీతో ఎత్తితే చక్రం కిందికి వేలాడి సందు పెరుగుతుందని షెడ్డులో చేరిన మొదటి వారమే తెలుస్తుంది. కారు దించాక రెండు వేళ్ళ సందే మిగిలింది. చూసీ చూడనట్టు పూలు కట్టించాను.

పెళ్ళినాటి సాయంత్రం విడిది లాడ్జి దగ్గర వెనక సీట్లో పెళ్ళికొడుకు, ముగ్గురు మేనత్తలు ఎక్కారు. నా పక్కన మునెప్ప. కారు గుడ్డు పెట్టబోయే కోడిలా వెనక కూలబడింది. పది గజాలు పోయామో లేదో రంపం కోసినట్టు చప్పుడు, కాలిన రబ్బరు కంపు.

"యాందబ్బా ఈ వాసన?" అంది పెద్ద మేనత్త.

"సాంబ్రాణి," అన్నాను.

"సక్రంలోనించి వస్తాదా సాంబ్రాణి?" మునెప్ప దిగి, వంగి చూశాడు. "టైరు మడ్‌గార్డుకు ఒరుసుకోని పొగలొస్తా ఉండాది! ముహూర్తానికి అరగంట కూడా లేదు. నా కొడుకు పెండ్లి నీ టైరుతో పాటు పగలాల్నా?"

పెళ్ళికొడుకునూ మేనత్తలనూ ఆటోలో కుక్కి, తానూ ఎక్కి వెళ్ళిపోయాడు. ముహూర్తం దక్కింది. నా పరువే దక్కలేదు. పూలకారు ముందు వాయించాలన్నది బ్యాండువాళ్ళ ఒప్పందం. వాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వాయిస్తూ నడిచారు. వెనక నత్తలా పూలకారు, అందులో అరవై దాటిన నేనొక్కణ్ణే.

దారి పక్కన ఒక ముసలమ్మ చేయి ఊపింది. "ఈ వయసులో పెండ్లా నాయనా? పెండ్లికూతురు యాడ?"

ఊరేగింపులో నడుస్తున్న రమణమ్మ గట్టిగా జవాబిచ్చింది. "ఈడే ఉండాను లేమ్మా! సెప్తే ఇనలేదని నడస్తా ఉండాను."

వీధంతా నవ్వింది. బ్యాండువాళ్ళకూ నవ్వొచ్చి సన్నాయి శ్రుతి తప్పింది.

మరునాడే పట్టీ మళ్ళీ వేశాను. మడ్‌గార్డు లోపలి అంచును సుత్తితో పైకి మడిచాను. వెనక సీటు నిండా వడ్ల మూటలు వేసి, చక్రాలు నేలమీద ఉండగా కొలిచాను. సందులో బుద్ధిగా రెండు వేళ్ళు పట్టాయి.

కాబట్టి సకల మెకానిక్కుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: బరువు మోయని బండిని ఈ జన్మలో కొలవను. బ్యాండు మేళం వెనక కారు తోలాల్సివస్తే, పక్కన పెళ్ళాం కూర్చునేదాకా ఇంజను స్టార్టు చెయ్యను.