లోపలికి జరిపిన ఇటుకలు

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక నా భార్య చనిపోయింది. తెనాలిలో, మా ఇంట్లోనే. పొద్దున కాస్త జావ తాగింది. దిండు ఎత్తు చేయమంది. "రేపల్లె వాళ్ళు హాలు గోడకి ప్లాస్టరింగ్ చేయించేస్తారేమోనండీ. మీరొక్కసారి వెళ్ళి చెప్పండి," అంది. వెళ్తానన్నాను. తరువాత నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు. మరునాడు సమాధి చేశాం.

ఆవిడ ఇళ్ళకు ప్లాన్లు గీసేది. నేను బాపట్లలో భవనాల అనుమతులు చూసే ఉద్యోగం చేసేవాణ్ణి. సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద ట్రేసింగ్ పేపరు పరిచి ఉండేది. నేను చూసి, నిబంధనలకు సరిపోయిందంటేనే ఇంటివాళ్ళకు ఇచ్చేది.

సిమెంటు పూత పూసిన గోడలంటే ఆవిడకు నచ్చేది కాదు. ఇటుక కనపడాలి. కొన్ని ఇటుకలను ఒకటిన్నర అంగుళం బయటికి పెట్టించి, గోడంతా నీడలు పడేలా చేసేది. "రంగు వెలిసిపోద్దండి. నీడ వెలవదు," అనేది.

ఎనభైల్లో తెనాలిలోనే ఒక డాక్టరుగారి ఇంటికి అలా గీసింది. రోడ్డు వైపు వదలాల్సిన ఖాళీని నేనే సరిచూశాను. గోడ నుంచి కొలిచాను. బయటికి వచ్చిన ఇటుక కొస నుంచి కొలవాల్సింది. గోడ సగం లేచాక తనిఖీకి వచ్చినవాళ్ళు పని ఆపించారు. డాక్టరుగారు మా ఇద్దరినీ పిలిపించారు.

"కొలత చూసిందెవరండీ?" అన్నారు.

"నేనేనండి. పొరపాటు నాదే," అంది నా భార్య.

నేను పక్కనే ఉన్నాను. నిజం చెబితే ఉద్యోగానికే ముప్పని గుర్తొచ్చింది. మాట్లాడలేదు.

ఆ ఇటుకలన్నీ ఊడదీయించి, ముందు గోడ చదునుగా కట్టించింది. నన్ను ఒక్క మాట అనలేదు. నెల తరువాత అన్నం వడ్డిస్తూ అడిగింది: "ఇటుక బయటికి రాకూడదు సరే, లోపలికి పోవచ్చుగా?"

"గోడ పలచబడుతుంది."

"పునాది నుంచే మందంగా కడదాం. లోపలికి పోయిన చోట కూడా తొమ్మిదంగుళాలు మిగలాలి, అంతేగా?"

అంతే. ఆ తరువాత ఆవిడ గోడలన్నీ అలాగే లేచాయి.

"గోడకి పళ్ళూడినట్టుందండి అమ్మగారూ," అనేవాడు ఆవిడ ఇళ్ళు కట్టే రేపల్లె మేస్త్రి.

"చిగుళ్ళు గట్టివిలే బాబాయ్, నువ్వు కానియ్," అనేది.

ఇటుక లోపలికి పోయిన ప్రతిచోటా అడుగున సిమెంటు వాలుగా పెట్టించేది. వాన నీళ్ళు నిలవకూడదు. ఆరాక చెంబుతో నీళ్ళు పోసి, చివరి చుక్క జారేదాకా నిలబడి చూసేది. ఎండలో తలమీద కొంగు కప్పుకుని. నాకు ఆవిడ అలాగే గుర్తొస్తోంది.

ఆవిడ చివరిగా గీసింది రేపల్లెలో చర్చి సంఘం హాలు. గోడలు కప్పు ఎత్తుకు వచ్చాయి. సమాధి దగ్గర సంఘం పెద్ద ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, అక్క కష్టం మాకు తెలుసండి. కానీ ఆ గుంటల గోడ తుపానుకి ఆగుద్దా అని మావాళ్ళ భయం. గుంటలు పూడ్చి పూత పూసేద్దామంటున్నారు. పిల్లలు కూర్చునే హాలు కదండీ. పూచీ ఎవరిది?"

నిన్న ఆవిడ ప్లాను తీసి మళ్ళీ కొలిచాను. కాగితం మీద ఎక్కడా తొమ్మిదంగుళాలకు తగ్గలేదు.

రేపు పొద్దున మొదటి రైలుకు రేపల్లె వెళ్తాను. పెద్దల ఎదుట గోడ కొలుస్తాను. సరిగా ఉంటే, ఈ ప్లాను సరిచూసింది నేనని, పూచీ నాదని రాసి సంతకం పెడతాను.