వేపకొమ్మ కింద సెకండ్ సర్వీసు

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్ రోడ్డు ఇవాళ తెరిచి ఉంటుందో లేదో పొద్దున్నే టీవీలో చూసుకుని గానీ ఎవరూ చెప్పులేసుకోని రోజుల్లో, నేను ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాణ్ణి. నవ్వకండి. వృత్తి ఏమిటని ఎవరడిగినా ధైర్యంగా అదే చెప్పేవాణ్ణి. (రాబడి ఏమిటని అడిగితే మాత్రం మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళేవాణ్ణి.) ఇప్పటికీ టీవీలో పేరు మోసిన ఆటగాళ్ళు అసలు సమయానికి సెకండ్ సర్వీసు నెట్టుకు కొడితే, మా ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా చేతబట్టిన మేధావులు "అంత డబ్బుంది, అంతమంది కోచ్‌లున్నారు, ఆ ఒక్క లోపం సరిచేసుకోవడానికి ఏం రోగం?" అని విసుక్కుంటారు. పదిహేనేళ్ళుగా కీబోర్డు మీద రెండే వేళ్ళతో టైపు చేస్తున్న మనుషులు వీళ్ళు. మూడో వేలు వాడి చూడమని వీళ్ళకు ఎవరూ చెప్పరు. నేను మాత్రం నోరు మూసుకుని సమోసా తింటాను. ఎందుకంటే ఆ రోగమేమిటో నాకు తెలుసు. నా విషయంలో దాని పేరు వేపకొమ్మ.

మాది రాయలసీమలో ఒక చిన్న పట్నం. అక్కడి ఆఫీసర్ల క్లబ్బులో ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు, దాని ఒక కొసన సరిగ్గా సర్వీసు చేసే చోటికి వంగిన వేపకొమ్మ. కొట్టెయ్యవచ్చు కదా అంటారేమో, ఆ కొమ్మ నీడలోనే ఆఫీసర్లు పేకాడేవారు. టెన్నిస్ కోసం పేకాటను ఇబ్బంది పెట్టేంత మర్యాద తెలియని ఊరు కాదు మాది. ఎనిమిదేళ్ళ వయసులో బంతిని అందరిలా ముందుకు, పైకి ఎగరేస్తే అది కొమ్మల్లో ఇరుక్కునేది, లేదా నాలుగు వేపకాయల్ని తోడు తెచ్చుకుని పేకముక్కల మీద పడేది. రెండు సార్లు తిట్లు తిన్నాక నా చెయ్యి తెలివి నేర్చింది. బంతిని తక్కువ ఎత్తులో, ఎడమ చెవి వెనక్కి ఎగరేసి, నడుము వంచి, కొమ్మ కింద నుంచి దొంగలా కొట్టేవాణ్ణి. (రెండో కొసన కొమ్మ లేదు. కానీ కొసకో రకంగా ఎగరేసేటంత తీరిక చేతికి ఎక్కడుంటుంది?) ఊళ్ళో అందరూ దాన్ని స్పెషల్ సర్వీసు అన్నారు. జిల్లా కప్పులన్నీ దాంతోనే గెలిచాను. పద్నాలుగో ఏట ఆ కప్పుల మూటతో, ఆ వంకర సర్వీసుతో మియాపూర్‌లో మా అక్క ఇంటికి చేరాను.

అక్కడ పదేళ్ళు నన్ను పోషించినవాడు మా బావ. ప్లాట్లు అమ్మేవాడు. పదేళ్ళ పాటు నన్ను "మా బామ్మర్ది టెన్నిస్ ఛాంపియన్" అని కస్టమర్లకు చూపించి, పదకొండో ఏట ఒక ఆదివారం దోసెల దగ్గర తీర్పు చెప్పాడు. "ఒరేయ్, ప్రపంచ ర్యాంకుల్లో నీ పేరు యాడుందిరా? నేను ఎంత కిందికి దిగి చూసినా కనపడల్యా." నా పేరు అందులో లేదని, ఉండాలంటే ఒక పెద్ద టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ గెలిచి ఒక్క పాయింటైనా తెచ్చుకోవాలని చెప్పాను. "అయితే వచ్చే నెల ఈ ఊళ్ళోనే జరుగుతాంది గదా. ఆ ఒక్క పాయింటు తెచ్చుకో. రాకపోతే అమీర్‌పేటకు పోయి జావా నేర్చుకో." ఆ ఇంట్లో జావ అంటే అప్పటిదాకా జ్వరమొచ్చినప్పుడు తాగేదే. అక్క నా పళ్ళెంలో ఇంకో దోసె వేసింది. టెన్నిస్ తప్ప నాకేదీ రాదు, ఆ ఒక్కటీ పోతే నేనెవర్నో నాకు తెలియదు.

అప్పటికి నన్ను ఆరుగురు కోచ్‌లు బాగు చేసి ఉన్నారు. ఒకరు పట్టు మార్చమన్నారు, ఒకరు బూట్లు మార్చమన్నారు, ఒకాయన ఏకంగా పేరులో అక్షరం మార్చుకోమన్నాడు. ఏడో ఆయన సిద్దిపేట దిక్కు మనిషి. మాదాపూర్‌లో నేను ఆడే క్లబ్బులో సభ్యులకు బంతులు అందించే పనితో మొదలుపెట్టి కోచ్ అయినవాడు. ప్రతి మాటకూ ముందు జర అంటాడు గనక అందరికీ ఆయన జర సార్. ఆయన నా సర్వీసు పది నిమిషాలు చూసి, అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఏంది బిడ్డా, బంతి గట్ల ఎన్కకు ఎగరేస్తున్నవ్? నీ నెత్తి మీద ఏమన్నా ఉన్నదా?"

"ఉండేది సార్. వేపకొమ్మ."

ఆయన నవ్వలేదు. తల పైకెత్తి మాదాపూర్ ఆకాశాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు జాగ్రత్తగా చూశాడు. "కొమ్మ ఆడ ఉన్నది. నువ్వు ఈడ ఉన్నవ్. ఈ ముచ్చట జర నీ చేతికి చెప్పాలె," అన్నాడు.

చేతికి చెప్పడం అంత తేలికైతే లోకంలో కోచ్‌లకు తిండి ఉండదు. సోమవారం నుంచి గురువారం దాకా బంతిని ముందుకు ఎగరేసేవాణ్ణి. శుక్రవారం ఏదో ఒక మ్యాచ్ ఉండేది. స్కోరు బిగిసేసరికి నా తల మీద ఆకులు గలగలలాడేవి, చెయ్యి బంతిని తీసుకెళ్ళి ఎడమ చెవి వెనక దాచేది. కొత్త సర్వీసుతో పన్నెండేళ్ళ పిల్లల చేతిలో చిత్తుగా ఓడేవాణ్ణి, పాత సర్వీసుతో పెద్దవాళ్ళ చేతిలో గౌరవంగా ఓడేవాణ్ణి. మీరే చెప్పండి, ఏది ఎంచుకుంటారు? లోపం సరిచేసుకోవాలంటే ముందు కొన్నాళ్ళు ఇంకా అధ్వాన్నంగా ఆడాలి. అధ్వాన్నంగా ఆడటానికి సెలవు ఎవరిస్తారు? మా బావైతే ఇవ్వడు. పైగా ఆ వంకర చెయ్యి నాకు కప్పులు తెచ్చిపెట్టిన చెయ్యి, దాన్ని ఇవాళ శత్రువంటే నమ్మేదెలా?

అలా ఉండగా ఒక రోజు తెలంగాణ బంద్ వచ్చింది. క్లబ్బుకు తాళం. మూడు వారాల్లో టోర్నమెంటు. జర సార్ తగ్గలేదు. "కోర్టు లేకుంటే ఏమాయె, రోడ్డు ఉన్నది గద," అని నన్ను అద్దాల ఆఫీసుల మధ్య రోడ్డు మీద నిలబెట్టాడు. రోజూ కార్లు చీమల్లా పాకే ఆ రోడ్డు మీద ఆ రోజు ఒక్క కుక్క తీరిగ్గా పడుకుని ఉంది. నేను నాలుగు సర్వీసులు చేశానో లేదో, మలుపులో ఊరేగింపు కనిపించింది. జెండాలు, డప్పులు, ఓ వందమంది కుర్రాళ్ళు. నేను జర సార్ వెనక్కి జరిగాను. (నా భయం నా యాస గురించి. ఆటో ఎక్కేటప్పుడు "అన్నా, వస్తవా?" అని బహు చక్కగా అడిగేవాణ్ణి. వాడు రేటు చెప్పగానే కోపమొచ్చి "ఏందప్పా, అంత ఏంటికి?" అని బయటపడేవాణ్ణి. నా నాలుకకూ ఒక వేపకొమ్మ ఉండేది.)

"ఎవలన్నా ఈయన? బంద్ నాడు రోడ్డు మీద ఏం చేస్తున్నడు?" అన్నాడు ముందున్నవాడు.

"మనోడే తమ్మీ. సర్వీసు నేర్చుకుంటున్నడు," అన్నాడు జర సార్.

"సర్వీసా? అంటే గ్రూప్ టూ నా?"

ఉద్యోగాల కోసమే రోడ్డెక్కిన పిల్లలు మరి, వాళ్ళకు సర్వీసంటే సర్కారు కొలువే. జర సార్ రాకెట్ చూపించి విషయం చెప్పాక అందరూ నవ్వారు. "అయితే జై తెలంగాణ అని ఒక్కటి కొట్టు అన్నా, చూస్తం," అన్నాడు మొదటివాడు. వంద జతల కళ్ళు నా మీద. యాస ఎక్కడ దొర్లుతుందో అని నా ప్రాణమంతా నాలుక మీదే ఉంది, చెయ్యి సంగతే మర్చిపోయాను. "జై" అంటూ బంతి ఎగరేశాను, "తెలంగాణ" అంటూ కొట్టాను. బంతి ముందుకు, నిటారుగా లేచింది. రాకెట్ దాన్ని ఎంత శుభ్రంగా తాకిందంటే, ఆ చప్పుడుకు కుక్క లేచి కూర్చుంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. జర సార్ నోరు తెరుచుకుని నన్ను చూసి, "మళ్ల అను," అన్నాడు.

మూడు వారాల పాటు అదే మాట అన్నాను. పొద్దున రెండు వందలు, సాయంత్రం రెండు వందలు. ఉద్యమంలో ఉన్నవాళ్ళు కూడా రోజుకు అన్నిసార్లు అని ఉండరు. తమాషా ఏమిటంటే ఆ మాట నోట్లో ఉన్నంతసేపూ కొమ్మ కనిపించేది కాదు. "ఉద్యమం ఎవలకేమి ఇస్తదో గని, నీకైతే సర్వీసు ఇచ్చింది బిడ్డా," అని జర సార్ మురిసిపోయేవాడు. ఇంట్లో మాత్రం నోరు కుట్టుకుని ఉండేవాణ్ణి. రాష్ట్రం విడిపోతే తన ప్లాట్లు గాలికి పోతాయని బావకు నిద్ర పట్టని రోజులవి. ఎవరు కనిపించినా సమైక్యమే మన బలమని గంట చెప్పేవాడు. ఆయన తిండి తింటూ ఆయన ఇంట్లో ఆ మాట గొణగడమంటే మాటలా?

మ్యాచ్ రోజున బావ అక్కను తీసుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. అవతల ఒక బెంగాలీ కుర్రాడు, నాకంటే అన్ని విధాలా మంచి ఆటగాడు. కానీ ఆ రోజు నా సర్వీసు ముందు వాడి పప్పులుడకలేదు. ప్రతిసారీ పెదవుల మధ్యే "జై" అంటూ ఎగరేస్తున్నాను, మిగతాది అంటూ కొడుతున్నాను. కంచె పక్కన నిలబడ్డ క్లబ్బు సెక్యూరిటీ అన్న, పాలమూరు మనిషి, నా పెదాలు చదివేసి ముసిముసిగా నవ్వుతున్నాడు. చెరో సెట్టు గెలిచాక, మూడో సెట్టులో నాకు మ్యాచ్ పాయింటు వచ్చింది. నా సర్వీసే. ఇంకొక్క పాయింటు, ఆ తర్వాత ప్రపంచంలో నాకూ ఒక నంబరు. మొదటి సర్వీసు నెట్టుకు తగిలింది. అంపైర్ అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. అంత నిశ్శబ్దంలో గొణుగుడు గొణుగుడులా ఉండదు కదా. "జై" అన్నాను. అది మూడో వరసదాకా వినిపించింది. పాపం, సెక్యూరిటీ అన్నకు ఏళ్ళ తరబడి ఊరేగింపుల అలవాటు. ఒకరు జై అంటే మిగతాది అనకుండా ఉండలేడు.

"తెలంగాణా!" అని చెయ్యెత్తి అరిచాడు.

బంతి కిందపడింది. గ్యాలరీ గొల్లుమంది. బావ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్! ఏందిరా నువ్వు అంటాండేది?" అంపైర్ సెక్యూరిటీ అన్నను మందలించి, బావను కూర్చోబెట్టి, ఆటకు అడ్డం వచ్చింది గనక రెండు సర్వీసులూ మళ్ళీ చెయ్యమన్నాడు. ఇంతటి అదృష్టం ఎవరికి పడుతుంది? కంచె అవతల నుంచి జర సార్ చేతులు జోడించి, "మనసుల అనుకో బిడ్డా, జర మనసుల అనుకో," అన్నాడు. బావ వైపు చూశాను. ఆయన కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. అక్క కళ్ళు ఆయన మీద ఉన్నాయి. పెదాలు బిగించి బంతి ఎగరేశాను. అది నెట్టుకు పోయింది. రెండోసారికి నా బుర్రకు ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. బావ నినాదం అంటే పోలా? జై సమైక్యాంధ్ర. చిన్నప్పుడు ఛందస్సు చదివినవాళ్ళు లెక్క చూసుకోండి, గురువులు లఘువులు రెండిటికీ అచ్చంగా ఒకటే. అందుకే నమ్మి, బావకు వినబడేలా అని మరీ ఎగరేశాను. చేతికి ఛందస్సు రాదని అప్పుడు తెలిసింది. తల మీద ఆకులు గలగలలాడాయి. బంతి వెళ్ళి ఎడమ చెవి వెనక కూర్చుంది, నేను నడుము వంచి దాన్ని కొమ్మ కింద నుంచి కొట్టాను. అది గీత దాటి, బెంగాలీ కుర్రాణ్ణి దాటి, వెనక తెరకు తగిలింది. డబుల్ ఫాల్ట్, అంటే చేతికొచ్చిన పాయింటు పోయినట్టే. ఆ తర్వాత పావుగంటలో మ్యాచ్ కూడా పోయింది.

జర సార్ వచ్చి పక్కన కూర్చుని, నా రాకెట్ తీసి సంచిలో పెట్టి, "పదహారేండ్ల కొమ్మ బిడ్డా. మూడు వారాల్ల కొట్టేయనీకి నాతోని కాలే," అన్నాడు. తప్పు తనదైనట్టు అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఓడినందుకు కాదు, నన్ను నమ్మిన ఒక్క మనిషీ నాకు క్షమాపణ చెబుతున్నందుకు. కారు మియాపూర్‌లో ఇంటి ముందు ఆపాక బావ, "చివర్లో నువ్వన్నది బాగుండాది లే," అన్నాడు.

జావాలో చేరడానికి సర్టిఫికెట్ల కోసం మా ఊరికి వెళ్ళాను. కాళ్ళు క్లబ్బుకే తీసుకుపోయాయి. కోర్టు మీద ఎండ విరగకాస్తోంది. కొమ్మ లేదు. వాచ్‌మన్ తాతను అడిగితే, "దాన్ని నువ్వు పట్నం పోయిన యాడాదే కొట్టేసినారు నాయనా. పేకాట లోపలికి మార్చినారు గదా," అన్నాడు. పదేళ్ళు నేను వంగి వంగి తప్పించుకున్న కొమ్మ ఎప్పుడో ఎవరింటి పొయ్యిలోనో కాలిపోయింది. ఆ ఎండలో నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు రెండూ చేశాను.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. అంటే ఇతరుల తప్పులు వెతికి పట్టుకుని, ఇంకా ఎందుకు సరిచెయ్యలేదని విసుక్కుంటూ రోజూ ఉత్తరాలు రాస్తాను. జీతం బాగుంటుంది. ఆదివారాలు ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంట్ల కోర్టులో ఒక్కణ్ణే సర్వీసు చేసుకుంటాను. ఎవరూ లేనప్పుడు మెల్లగా ఆ పాత మాట అనుకుంటే బంతి ఇప్పటికీ నిటారుగా లేస్తుంది. మొన్న అపార్ట్‌మెంట్ల పోటీ చూడటానికి బావ వచ్చాడు. రాష్ట్రం వచ్చింది, ఆయన ప్లాట్లు గాలికి పోలేదు సరికదా ఆకాశానికి పోయాయి. చివరి పాయింటుకు బెంచీ మీద నుంచి లేచి, కోర్టంతా దద్దరిల్లేలా "అనరా బామ్మర్దీ, ఇంగా ఏంటికి భయం? జై తెలంగాణ!" అని ఆయనే అరిచాడు.

నేనూ అన్నాను, గట్టిగానే. బంతి లేచింది, లేచి తిన్నగా ఎడమ చెవి వెనక్కి పోయింది. నడుము దానంతటదే వంగింది. బావ తల పట్టుకున్నాడు. నేను ఒకసారి పైకి చూశాను. చుట్టూ పది అంతస్తుల ఇళ్ళు, మధ్యలో ఖాళీ ఆకాశం. మూడే మూడు వారాల్లో ఆ కొమ్మను నరికేస్తానని నమ్మి, రోజుకు నాలుగు వందల సార్లు జై కొట్టిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, పిచ్చి సన్నాసి, ఎంత కష్టపడ్డాడో.