కుర్సీ ఆడదా, మొగదా

విద్యావతి మొట్టమొదట మా గదిలోకి వచ్చింది హైమ ఏడుపు విని. అప్పటికి చిక్కడపల్లిలో ఆవిడ ఇంట్లో మేము కిరాయికి దిగి ఎన్నో రోజులు కాలేదు. మా ఆయన బషీర్‌బాగ్‌లో ఆఫీసుకు వెళ్లిపోయారు. నేను మూడు నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

“ఏంది చెల్లే, పోరి గొంతు చించుకుంటుంటె నువ్వు గడియారం చూస్కుంట కూసున్నవ్?”

“ఇంకా పాల టైము కాలేదండీ. పుస్తకంలో...”

“గడియారం చూసుడు నీకొస్తది. దానికి రాదు గద.”

ఆవిడ పిల్లను అందుకుని భుజాన వేసుకుంది. వీపు మీద మెల్లగా తట్టేసరికి హైమ పెద్దగా తేన్చింది. ఏడుపు ఆగిపోయింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. బి.యస్సీ.లో జువాలజీ చదివినదాన్ని. ఏ నీళ్లలో ఏ పురుగు ఉంటుందో, అది ఏ రోగం తెస్తుందో తెలుసు కాబట్టి నా భయం మిగతా తల్లుల భయం కంటే పెద్దది. పొద్దస్తమానం సీసాలు మరిగించడం, థర్మామీటరు విదిలించడం. “పోరిని ల్యాబ్‌ల పెంచుతున్నవా?” అని ఆవిడ ఎగతాళి చేసేది.

ఆ రోజే అలమరలో నా పుస్తకాలు ఆవిడ కంటబడ్డాయి.

“ఇవన్నీ ఇంగ్లీషువేనా? నువ్వే చదివినవా?”

“నేనేనండీ.”

“అయితె నాకు జర ఇంగ్లీషు చెప్పాలె. పోరిని నేను ఎత్తుకుంట, నువ్వు గ్రామర్ చెప్పు.”

ఆవిడకు ముప్పై ఏళ్లుంటాయి. భర్త ఇంద్రసేనగారి ఉద్యోగం నిజామాబాదులో. నెలకోసారి వచ్చి వెళ్లేవారు. ఇంట్లో ఆవిడా, అత్తగారూ. అశోక్‌నగర్‌లో ఒక బడిలో ఆవిడ చిన్నపిల్లలకు ఓనమాలు దిద్దించేది. పెళ్లికి ముందు చదివింది మెట్రిక్, అదీ ఉర్దూ మీడియంలో. ఇకమీదట పి.యు.సి. పాసైనవాళ్లనే ఉంచుతామని బడివాళ్లు చెప్పడంతో నారాయణగూడలో సాయంకాలం కాలేజీలో చేరింది. మిగతా సబ్జెక్టులు ఎలాగో నెట్టుకొస్తుంది. ఇంగ్లీషే గుండెల్లో రాయి. పైగా ఏడాది చదువైన ఈ పి.యు.సి. తీసేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ పెడుతున్నారనీ, ఇదే ఆఖరు బ్యాచి అనీ కాలేజీలో చెప్పుకుంటున్నారు. ఇప్పుడు తప్పితే మళ్లీ రెండేళ్లు. అంతదాకా బడివాళ్లు ఆగరు.

“నాకు పిల్లలు లేరు చెల్లే. పొద్దుగాల ఆ బడికి పోతెనే నాకు పిల్లలు,” అంది చేటలో బియ్యం ఏరుతూ. గొంతులో ఏ మార్పూ లేదు. నేనూ పక్కన కూర్చుని రాళ్లు ఏరాను.

మొదటి పాఠానికి ‘నా కుటుంబం’ అని ఒక పేజీ రాయమన్నాను. మర్నాడు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘మా అత్తగారు మంచి మనిషి’ అని ఇంగ్లీషులో చక్కగానే మొదలుపెట్టి, ‘ఇట్ తెల్లవారకముందే లేస్తుంది, ఇట్ రోజూ పూజ చేస్తుంది’ అని రాసుకుపోయింది. ఆ కిందనే ‘మా ఇంట్లో ఒక కుర్చీ ఉంది, షీ చాలా పాతది’ అని ఉంది.

“మనిషిని ఇట్ అన్నారు, కుర్చీని షీ అన్నారు. తిరగేసి రాశారండీ.”

“ఎట్ల తిరగేసిన? అత్తమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. రెండిట్కి వచ్చిందే అంటం గద.”

“మరి కుర్చీ?”

“కుర్సీ ఆడదే. బళ్లె చెప్పిన్రు. ఉర్దూల కుర్సీ ఆడది, మేజ్ ఆడది, కితాబ్ ఆడది.” తల ఎత్తి పైన తిరుగుతున్న ఫ్యాను చూపించింది. “పంఖా మొగోడు.”

అప్పుడు అర్థమయింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తెలుగులో ఆలోచిస్తుంది, వస్తువుల దగ్గరికి వచ్చేసరికి ఉర్దూలో. రెండింట్లోనూ ఆవిడ తప్పు లేదు. ఇంగ్లీషు మాత్రం ఆ రెండింటి నడుమా పడి నలిగిపోతోంది. కాలేజీలో వీరరాఘవరావుగారని లెక్చరరు ఆ తప్పుల కింద ఎర్రగీతలు గీస్తూ వచ్చారే గాని ఎందుకలా రాస్తున్నావని అడగలేదట. ఒకసారి మాత్రం “మీ కుర్చీకి సంబంధాలేమైనా చూస్తున్నారా అమ్మా?” అన్నారట. క్లాసంతా నవ్వింది. వాళ్లలో సగం మంది ఆవిడ కంటే పదేళ్లు చిన్నవాళ్లు. ఆ తరువాత ఆవిడ క్లాసులో నోరు విప్పలేదు.

ఈ గోల విని అత్తగారు వత్తులు చేసుకుంటూనే గడప దగ్గరికి వచ్చారు.

“నా గురించి ఏం రాసింది?”

“మిమ్మల్ని ఇట్ అని రాశారండీ. అంటే వస్తువన్నట్టు.”

“మరి ఆడోళ్లను ఏమనాలె?”

“షీ అనాలి.”

“షీ?” ఆవిడ మొహం చిట్లించారు. “ఛీ అన్నట్టే ఉంది గదనే. ఇట్టే మంచిగుంది, ఉండనియ్.”

గ్రామరు పుస్తకంలో సూత్రాలు విద్యావతికి ఎక్కలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. జువాలజీలో ఒక జీవి పేరు తేల్చాలంటే మెట్టుమెట్టుగా ప్రశ్నలు వేసుకుంటాం. వెన్నెముక ఉందా లేదా, రెక్కలున్నాయా లేవా, అలా. ఆవిడకూ అదే చెప్పాను. “ముందు మనిషా కాదా అని అడగండి. కాకపోతే ఇట్, అక్కడితో సరి. మనిషైతేనే ఆడా మగా అన్న ప్రశ్న.”

ఇక ఇంట్లో అదే మంత్రం. పొయ్యి దగ్గరా, బావి దగ్గరా ఆవిడ పెదవులు కదులుతుండేవి. “బకిటు. మనిషా? కాదు. ఇట్. పాలామె. మనిషా? అవు. ఆడా, మొగా? షీ.” పాలామె బుగ్గలు నొక్కుకునేది.

ఆ ఏడు ఊరంతా తెలంగాణ గొడవ. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు వెనక్కి జరిగాయి. మా ఎదుటి గోడ మీద ఎవరో ‘ఆంధ్రా గో బ్యాక్’ అని ఇంగ్లీషులో తారుతో రాశారు. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం, పిల్లను ఎత్తుకుని వీధిలోకి వెళ్లడమే మానుకున్నాను. ఒక సాయంత్రం విద్యావతి అరుగు మీద నిలబడి ఆ గోడకేసి చాలాసేపు చూసింది.

“చెల్లే, గీ వాక్యంల కర్త ఏది? గో అని క్రియ ఉంది, కర్త లేదు.”

“ఆజ్ఞాపించేటప్పుడు కర్త పైకి కనబడదండీ. యూ అని లోపలే ఉంటుంది.”

“యూ అంటె నువ్వేనా?”

“నేనే.”

ఆవిడ పకపకా నవ్వింది. “నువ్వు పోతె నాకు గ్రామర్ ఎవరు చెప్తరు? పరీక్ష అయ్యేదాంక కర్తను లోపల్నే ఉండమను.”

నాకూ నవ్వొచ్చింది. ఆ గొడవల్లోనే హైమకు టీకా వేయించడానికి గాంధీనగర్ వెళ్లవలసి వస్తే, పిల్లను తన భుజాన వేసుకుని విద్యావతే నా పక్కన నడిచింది.

ఒక్కచోట మాత్రం మా పద్ధతి బెడిసింది. గ్రామరు పుస్తకంలో ‘బేబీ ఏడుస్తోంది, ఇట్‌కు ఆకలిగా ఉంది’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. విద్యావతి ఆ పుస్తకం మూసి పక్కన పెట్టేసింది.

“పసిబిడ్డను ఇట్టంటరా?”

“ఆడో మగో తెలియనప్పుడు అలా అంటారండీ.”

“తెల్వకుంటె అడగాలె. తల్లి పక్కన్నే ఉంటది గద. అడగకుండ ఇట్టంటరా? నేను రాయ.”

“పరీక్షలో మార్కు పోతుంది.”

“పోనియ్.”

ఆవిడకు మార్కులు పారబోసుకునేంత లేవు. ఒక్కొక్కటీ ఏరుకోవలసిందే. ఆ సంగతి చెప్పినా వినలేదు. హైమను గట్టిగా హత్తుకుని వెనక వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఇంగ్లీషు పరీక్ష రోజు పొద్దున హైమ ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటరు పెట్టబోతే చేతిలోంచి జారి కిందపడి పగిలింది. పాదరసం గుండ్లు నేలంతా దొర్లాయి. అవి పిల్లకు తగలకుండా చూడనా, పిల్లను చూడనా అని నేను కొట్టుకుంటుంటే విద్యావతి గుమ్మంలోకి వచ్చింది. పరీక్షకు తయారై ఉంది. ఒక్క చూపు చూసి, చేతిలో హాల్ టికెట్టు కిటికీలో పెట్టి, పిల్లను తీసుకుంది.

“దవాఖానకు పోదాం నడువు. రిక్షా పిలుస్త.”

మీరు వెళ్లండి అనాలని నాకు తెలుసు. అనకుండా చెప్పులు తొడుక్కున్నాను.

అత్తగారు వెనకనుంచి వచ్చి, చేయి కడుక్కుని, హైమ నోట్లో వేలు పెట్టి చిగుళ్లు తడిమారు.

“పన్నొస్తున్నది. గంతే. ఒళ్లు కాలదా మరి? అప్పట్ల ఇంద్రసేనకు గిట్లనే అయింది.” కోడలి వైపు తిరిగారు. “నువ్వింక నిలవడ్డవేంది? ఇన్నొద్దులు ఇట్టు, షీ అనుకుంట నా చెవులు తిన్నవు. ఇయ్యాల పోకుంటె మల్ల రెండేండ్లు తింటవు. నాతోని కాదు. నడువు!”

విద్యావతి నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. కిటికీలో హాల్ టికెట్టు తీసి నేనే ఆవిడ చేతిలో పెట్టాను. చెప్పులు టకటకలాడించుకుంటూ నారాయణగూడ వైపు దాదాపు పరుగున వెళ్లింది.

పాదరసం గుండ్లు కాయితంతో ఎత్తేసి, పిల్లకు తడిగుడ్డ వేస్తూ, అత్తగారు చెప్పినట్టల్లా చేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. హైమ నా కొంగు నములుతూ ఆడుకుంటోంది. విద్యావతి వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను.

“ఎలా రాశారు?”

“ముందు పోరి ఎట్లుంది?”

పిల్లను చూపించాక గాని ఆవిడ గుక్కెడు నీళ్లు తాగలేదు. తరవాత చెప్పింది. కొన్ని మాటలిచ్చి కథ అల్లమన్నారట. జాతర, తల్లి, తప్పిపోయిన బిడ్డ, పోలీసు.

నేను గబుక్కున అడిగాను. “బిడ్డను ఏమని రాశారు?”

“మొదాల్నే రాసిన, బిడ్డ పేరు హైమవతి అని. పేరు పెట్టినంక ఇట్టు ఎట్లయితది? ఆఖరి దాంక షీ, షీ, షీ.”

దాంట్లో వేలు పెట్టడానికి వీరరాఘవరావుగారికి కూడా సందు లేదు. నేను గోడకు చేరగిలబడి చాలా రోజుల తరువాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.

మార్కులు వచ్చాయని తెలిసిన రోజు ఆవిడ ఒక్కతే వెళ్లలేనంది. హైమను ఎత్తుకుని నేనూ నారాయణగూడ వెళ్లాను. కిటికీ వెనక గుమాస్తా తిమ్మప్ప కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“ఇంగ్లీషు ఒక్కటి చెప్పన్నా. మిగిలినయి ఎనక చెప్పు.”

“ఇంగ్లీషు... నలభై ఒకటి.”

పాసవడానికి ముప్పై అయిదు చాలు. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. అయినా కదల్లేదు.

“మల్లొకసారి చూడన్నా.”

“ఎన్నిసార్లు చూసినా నలభై ఒకటే. పెరగదమ్మా.”

“తగ్గదు గద?”

తిమ్మప్ప నవ్వి, మార్కుల కాయితం ముందుకు తోసి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు. ఆవిడ కలం తీసుకుని కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపులో ఉర్దూలో సంతకం చేసింది.

“ఇదేందమ్మా! ఇన్ని రోజులు ఇంగ్లీషుల చేసినవ్. పాసైనంక ఉర్దూల చేస్తున్నవ్?”

“పాస్ కావాలె గదా అని ఒక్కొక్క అక్షరం వణుక్కుంట ఇంగ్లీషుల చేసిన అన్నా. ఇంక పరేషాన్ లేదు. ఇగ నా చెయ్యి ఎట్ల పోతె అట్ల చేస్త.”

కాయితం మడిచి రవికెలో దోపుకుంది. “నడువు చెల్లే, బడి మూసేలోపల పెద్ద టీచరమ్మకు చూపియ్యాలె,” అని బస్సు కోసం కూడా ఆగకుండా అశోక్‌నగర్ దారి పట్టింది. పిల్లతో ఆవిడను అందుకోవడానికి నేను పరుగెత్తవలసి వచ్చింది.